పెరటితోట: కూరలు, పూవులు



ఎకరముల కొలది జొన్న, ఆముదము పండించు రైతు ఇంటికి ఆకుకూర అంగడినుండి వచ్చుచున్నచో, అంగడికి పోని దినమున పిల్లల కంచములో కూర యుండదు. గాదె నిండియున్నంతమాత్రమున ఆరోగ్యము నిండదు. ఆకుకూరలలోని పచ్చదనముతోపాటు విటమిన్ ఏ గా మారు పదార్థము కలదు. అది చాలనిచో పిల్లలకు రేచీకటి కలుగును.

లాలాగూడకు సమీపమున తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చినది. 2024లో అది వెలువరించిన ఆహార సూచనల ప్రకారము పెద్దవారికి దినమునకు 400 గ్రాముల కూరలు కావలెను. ఐదుగురు పెద్దలున్న ఇంటికి ఇది 2 కిలోలు. ఇందు కొంతభాగమైనను పెరటిలో పండించుట రైతునకు సులభము.

లాలాగూడ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతములది రాతిబండలు శిథిలమై యేర్పడిన ఎఱ్ఱచెలక. ఇందు నీరు త్వరగా ఇంకును, సత్తువ తక్కువ. ఇట్టి నేలలో తోట పెంచగలవాడు తెలంగాణమున ఏ చెలకలోనైనను పెంచగలడు.

తోటకు ఒక గుంట, అనగా 121 చదరపు గజముల స్థలము చాలును. అది నూతికి దగ్గరగా, చెట్లనీడ పడనిదై యుండవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు సుమారు 250 కిలోలు కలిపి, ఇరుప్రక్కలనుండి చేయి అందునంత వెడల్పున మళ్ళు కట్టవలెను. వానకాలమున ఎత్తుమళ్ళు, వేసవిలో పల్లపుమళ్ళు మేలు. కూరగాయలు, బియ్యము కడిగిన నీటిని వ్యర్థము చేయక మళ్ళకు పాఱించవలెను.

విత్తనమంతయు ఒకేదినమున చల్లుట పెద్ద పొరపాటు. ఒకేసారి చల్లిన కూర ఒకేసారి ముదురును. పిదప మడి ఖాళీగా నుండును. పది దినములకొక మడి చొప్పున చల్లినచో కూరకు లోటుండదు. మెంతికూర మూడు వారములకు, తోటకూర నాలుగు వారములకు కోతకు వచ్చును. గోంగూర, బచ్చలి గిల్లినకొలది చిగుర్చును.

మృగశిర కార్తెలో వానలు పడగానే బీర, సొర, కాకర గింజలు కంచె వెంబడి నాటవలెను. బెండ సుమారు 50 దినములకు కాపు పట్టును. దినము విడిచి దినము కోయనిచో కాయ ముదిరి పీచెక్కును. వంగ, మిరప, టమాట ఒకే కుటుంబమునకు చెందినవగుటచే, ఒకటి తీసిన మడిలో వెంటనే మఱియొకటి నాటరాదు.

పూలమొక్కలు అందమునకు మాత్రమేగాక ఉపయోగమునకును వచ్చును. బంతి వేళ్ళు నేలలోని నులిపురుగులను అణచును. ఆషాఢమున విత్తిన బంతి బతుకమ్మ నాటికి పూచును. చేమంతి పగలు తగ్గినకొలది మొగ్గ తొడుగును. గుమ్మడి, దోసలకు ఆడపూవు వేఱు, మగపూవు వేఱు. తేనెటీగ రానిచో కాయ నిలువదు. పూలు తేనెటీగలను పిలుచుకొని వచ్చును.

పేను పట్టినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, రాత్రి నానవైచి, వడకట్టి, కొలదిగా సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను.

ప్రతి మొక్కజాతిలోను నిండుగా కాచిన మొక్కను గుర్తించి, దాని కాయలను కోయక విత్తనమునకు నిలుపుకొనవలెను. మరుసటి మృగశిరకు విత్తనము ఇంటనున్న రైతు అంగడికి ఎదురుచూడనక్కఱలేదు. అతని పిల్లల కంచములో ఏనాడును ఆకుకూర తప్పదు.