పొద్దున బాగానే మాట్లాడినాడు, సాయంత్రానికి ఏమైంది?

మన ఛానల్‌లో ఎప్పుడూ ఫోన్లు, యాప్‌లు, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈరోజు మాట గురించే మాట్లాడుకుందాం. నోట్లోంచి వచ్చే మాట.

మా మామది ఆదోని. అమ్మకు తమ్ముడు. పత్తి మండీలో గుమాస్తాగా చేసినాడు. గొంతే ఆయన పని. యార్డులో ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర బండి ఆగేది. ఆయనకు మోటార్ న్యూరాన్ డిసీజ్ వచ్చింది, షార్ట్‌గా ఎమ్‌ఎన్‌డీ. ఆయన సరే అన్నాకే ఈ ఎపిసోడ్ చేస్తున్నా. పేరు మాత్రం వద్దన్నాడు.

ఒకసారి ఎమ్మిగనూరులో మా బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. ఆదోని నుంచి బస్సులో గంట దారి. పొద్దున ఇంట్లో ఉగ్గాని తింటూ మామ నాతో బాగానే మాట్లాడినాడు. కొంచెం నిదానంగా, అంతే. తర్వాత ఎండ, బస్సు సౌండు, దాని మీదుగా అరుస్తూ కబుర్లు. దిగేసరికి మధ్యాహ్నం. అక్కడ పెళ్లికొడుకు తరఫు పెద్దలందరి ముందు "నువ్వు చెప్పప్పా" అన్నారు. మామ నోరు తెరిచినాడు. మాట ముద్ద ముద్దగా వచ్చింది. మళ్లీ గట్టిగా చెప్పబోయినాడు, ఇంకా చెడింది. వెనక నుంచి ఎవరో అన్నారు: "ఏంది, పొద్దున్నే ఏసినాడా?"

మామ జీవితంలో మందు ముట్టలేదు. కానీ ఆ రోజు తర్వాత చాలా నెలలు బయటికి రాలేదు. ఇంట్లోవాళ్లూ అన్నారు, "మనతో బాగానే మాట్లాడతాడు, బయటికొస్తే ఎందుకు ఇట్ల చేస్తాడు?" అని. నిజం చెప్పాలంటే నేనూ అట్లే అనుకున్నా.

తప్పు నాది. ఆయన నటించలేదు. సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

నాలుక, పెదాలు, అంగిలి, గొంతు, ఊపిరి కండరాలు... వీటన్నిటికీ మెదడు నుంచి ఆర్డర్ మోసుకెళ్లే నరాల కణాలే మోటార్ న్యూరాన్లు. ఈ జబ్బులో అవి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. ఎమ్‌ఎన్‌డీలో ఎక్కువగా కనిపించే రకం ఏఎల్‌ఎస్. అందులో దాదాపు నలుగురిలో ఒకరికి మాట దగ్గరే మొదలవుతుంది. మిగిలినవాళ్లకు చేతులో కాళ్లో ముందు పడతాయి, కానీ చాలామందికి తర్వాత మాట కూడా దెబ్బతింటుంది.

పది మంది మోసే మూటను నలుగురే మోస్తున్నారనుకోండి. మొదటి పది అడుగులు నడుస్తారు. తర్వాత? మిగిలిన కొద్ది న్యూరాన్లదీ అదే పరిస్థితి. పొద్దున ఓపిక ఉంటుంది. మాట్లాడేకొద్దీ నాలుక బరువెక్కుతుంది, అంగిలి సరిగా మూసుకోదు, గాలి ముక్కులోకి పోతుంది. అప్పుడు "డబ్బు" అన్నది "నమ్ము" లాగా వినిపిస్తుంది. నాలుక మడత పెట్టాల్సిన ట, డ, ణ, ళ కష్టమవుతాయి. మన తెలుగులో ఇవి లేకుండా ఎన్ని మాటలు చెప్పగలరు? ట్రై చేసి చూడండి.

ఇక టెన్షన్. నలుగురు చూస్తుంటే మనకే ఊపిరి పైపైన ఆడుతుంది. మాటకు పెట్రోల్ ఊపిరే. ఆయనకు అది ముందే తక్కువ. పైగా ఈ జబ్బులో కొందరికి కండరాలు బిగుసుకుంటాయి, కంగారులో ఆ బిగువు ఇంకా పెరుగుతుంది. "త్వరగా చెప్పు" అంటే స్పీడ్ పెంచుతారు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అర్థం కాలేదంటే గట్టిగా చెబుతారు, ఇంకా అలసిపోతారు. మాట చెడుతుంది, దాంతో ఇంకా కంగారు. లూప్‌లో ఇరుక్కున్న కోడ్ లాగా, మధ్యలో ఎవరో ఒకరు బ్రేక్ పెట్టాల్సిందే. ఆ బ్రేక్ పేషెంట్ పెట్టలేడు. వినేవాళ్లు పెట్టాలి.

కొందరికి ఇంకోటి కూడా ఉంటుంది. సందర్భం లేకుండా నవ్వు లేదా ఏడుపు ఆపుకోలేనంతగా వచ్చేస్తుంది. అది పిచ్చి కాదు, బలహీనత కాదు. ముఖాన్ని కంట్రోల్ చేసే నరాల దారులు దెబ్బతినడం వల్ల వచ్చేది. డాక్టర్‌కు చెబితే దానికి మందులున్నాయి.

ఒక్క విషయం క్లియర్‌గా. టెన్షన్ పడినందుకు ఈ జబ్బు రాలేదు. రెస్ట్ తీసుకుంటే జబ్బు పోదు కూడా. కానీ మిగిలిన మాటను ఎక్కడ ఖర్చు పెట్టాలో మన చేతిలో కొంత ఉంది.

స్టీఫెన్ హాకింగ్ మీకు తెలుసు. 1963లో, 21 ఏళ్లకు, ఈ జబ్బని తేలింది. అందరికీ గుర్తున్నది ఆయన కంప్యూటర్ గొంతే. కానీ 1985లో న్యుమోనియా వచ్చి గొంతుకు ఆపరేషన్ చేసేదాకా ఆయన సొంత గొంతుతోనే మాట్లాడేవారు. ముద్దగా వచ్చే ఆ మాట దగ్గరివాళ్లకే అర్థమయ్యేది. వాళ్లు విని మిగతావాళ్లకు చెప్పేవారు. అంటే వినడం కూడా నేర్చుకుంటే వచ్చే పనే.

మన సౌత్‌కు సంబంధించిన ఒక రకం కూడా ఉంది. పేరే మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్. 1970లో మద్రాసు డాక్టర్లు దీని గురించి రాశారు. తమిళనాడు, కర్ణాటక, కేరళతో పాటు మన ఆంధ్రలోనూ కనిపించింది. ఎక్కువగా చిన్న వయసువాళ్లకే వస్తుంది. ముఖం, నాలుక, గొంతు బలహీనమవుతాయి, వినికిడి కూడా తగ్గుతుంది. మెల్లగా పెరుగుతుంది. అట్లాంటివాళ్ల ముందు అరవడం కన్నా రాసి చూపించడం మేలు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తా.

ఒకటి, ముఖ్యమైన మాటలు పొద్దున పూటే. బ్యాంకు పని, డాక్టర్ ఫోన్, అన్నీ అప్పుడే. సాయంత్రం ఎవరైనా వస్తున్నారంటే మధ్యాహ్నం మామ గొంతుకు సెలవు.

రెండు, మామ మాట్లాడేటప్పుడు టీవీ ఆఫ్. ఎదురుగా కూర్చుని ముఖం చూస్తూ వింటాం.

మూడు, అర్థం కాకపోతే తల ఊపం. "ఎమ్మిగనూరు దాకా అర్థమైంది మామా, తర్వాత ఏం?" అని అడుగుతాం. మొత్తం మళ్లీ చెప్పించం. అవును, కాదు అంటే సరిపోయేలా అడుగుతాం. ఆయన మాటను మేం పూర్తి చేయం. నాకు ఈ అలవాటు మానడానికి చాలా టైం పట్టింది.

నాలుగు, ఫోన్. తెలుగులో టైప్ చేస్తే చదివి వినిపించే వాయిస్ ఇప్పుడు ఉంది. దాంతో పాటు, గొంతు బాగున్న పొద్దుల్లో మామ మాటలు రికార్డ్ చేసి పెట్టినాం. "ఏం అల్లుడా, తిన్నావా?" అన్నది కూడా. ఈ పని మాత్రం లేట్ చేయొద్దు.

ఐదు, జేబులో ఒక కార్డు: "నాకు నరాల జబ్బు ఉంది. మాట ముద్దగా వస్తుంది. తాగలేదు. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది. ఒక్క నిమిషం ఆగండి." వెనకవైపు కన్నడంలో. మనవాళ్లు బళ్లారి, బెంగళూరు ఆసుపత్రులకు పోతుంటారు కదా.

చివరగా, ఇది మీ ఇంట్లోవాళ్ల కోసం. మాట ఉన్నట్టుండి నిమిషాల్లో ముద్దగా మారితే, మూతి వంకర పోతే, అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సాయంత్రానికి మాట చెడి, రెస్ట్ తీసుకుంటే బాగా తేరుకుంటుంటే, కనురెప్పలు వాలిపోతుంటే, ఒకటి రెండుగా కనిపిస్తుంటే, అది మయస్తీనియా గ్రావిస్ కావచ్చు. దానికి మంచి మందులున్నాయి. అందుకే గూగుల్ చూసి మీరే పేరు పెట్టుకోకండి, న్యూరాలజీ డాక్టర్‌కు చూపించండి. బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బులు చూస్తారు. నీళ్లు తాగితే పొలమారుతుంటే అది కూడా చెప్పండి. స్పీచ్ థెరపిస్ట్‌ను అడగకుండా, యూట్యూబ్ చూసి నాలుక ఎక్సర్‌సైజులు అలసిపోయేదాకా చేయించకండి.

పోయిన నెల మామ మళ్లీ ఎమ్మిగనూరు వచ్చినాడు. పెళ్లి భోజనాల దగ్గర ఒకాయన "ఏమంటున్నాడప్పా?" అని నన్ను అడిగినాడు. నేను చెప్పలేదు. "ఆయన్నే అడగండి, టైం ఇవ్వండి" అన్నా. మామ కార్డు తీయలేదు. ఊపిరి తీసుకుని, నిదానంగా, మూడే మాటలన్నాడు: "పప్పులో... ఉప్పు... లేదు."

ఆయన నవ్వినాడు. ఉప్పు తెప్పించినాడు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇట్లాంటివాళ్లు ఉంటే ఈ వీడియో వాళ్లకు కాదు, వాళ్లతో మాట్లాడేవాళ్లకు పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటా.