రుద్రమ మారువేషం వేయలేదు

ఇది మా చరిత్ర మాస్టారి స్మారకోపన్యాసం. మాస్టారు ఢిల్లీలోని ఈ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లలకు చరిత్ర చెప్పారు. నా వ్యాసంలో ఆధారం లేని వాక్యం కనబడితే పక్కన ఎర్రసిరాతో ‘ఎవరు చెప్పారు?’ అని రాసేవారు. ఈరోజు ఆ ప్రశ్నే ఒక సినిమాను అడుగుతాను.

చారిత్రక వ్యక్తుల జాతినీ లింగాన్నీ తెరమీదా వేదికమీదా మార్చవచ్చా అన్న చర్చ మీకు తెలిసిందే. 2015 నాటి ‘హామిల్టన్’ నాటకం, 2023లో క్లియోపాత్రాపై వచ్చిన నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ సిరీస్ గురించి చాలామంది రాశారు. నటుల ఎంపికపై నాకు పేచీ లేదు. స్థానం నరసింహారావు రోషనారా వేషం కడితే తెలుగువారు బ్రహ్మరథం పట్టారు. ఈ ఢిల్లీలోని రోషనారా బాగ్‌లో సమాధి అయిన షాజహాన్ కూతురే ఆ రోషనారా. వేషం కట్టింది మగవాడైనా కథలో ఆమె ఆడదిగానే ఉంది. కథలోని మనిషిని మార్చడంతోనే నా తగాదా.

గుణశేఖర్ ‘రుద్రమదేవి’ 2015లో వచ్చింది. అందులో కాకతీయ రాజు గణపతిదేవుడి కూతురు రుద్రమను పుట్టినప్పటి నుంచి కొడుకని లోకాన్ని నమ్మిస్తారు. రహస్యం బయటపడడమే కథకు ఆయువుపట్టు. సమర్థించేవారు రెండు ఆధారాలు చూపుతారు. శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని ఉండడం ఒకటి. తండ్రి ఆమెను కొడుకుగా భావించి రుద్ర అని పేరు పెట్టాడని కాకతీయ ఆస్థాన కవి విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో చెప్పడం రెండోది.

రెండూ నిజమే. అయితే ఆస్థాన కవి తన గ్రంథంలో బాహాటంగా రాసిన సంగతి రహస్యమెలా అవుతుంది? రాజబిరుదు సింహాసనానిది. దాన్ని ధరించినంత మాత్రాన మారువేషం వేసినట్టు కాదు. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు మందడం గ్రామం ఇస్తే, రుద్రమ వెలగపూడి ఇచ్చింది. ఆ దానం ఆమె స్త్రీనామంతోనే రాతికెక్కింది. ఆమె నిడదవోలు చాళుక్య వీరభద్రుడి భార్య. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడే వారసుడు. దాపరికమే ఉంటే ఈ పెళ్లి, ఈ వారసత్వం ఎలా సాధ్యం? మార్కోపోలో ఆమెను రాజుగారి విధవగా పొరబడ్డాడు గాని, ఏలుతున్నది రాణి అన్న విషయంలో పొరబడలేదు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని నమోదు చేసింది. అక్కడా ఆమె రుద్రమదేవే.

‘సినిమాకు నాటకీయత కావాలి కదా’ అంటారు. అసలు నాటకీయత ఈ బహిరంగతలోనే ఉంది. రేచర్ల ప్రసాదిత్యుడు వంటి సామంతులు ఆమె స్త్రీ అని తెలిసే ఆమె పక్షాన నిలిచారు. కాయస్థ సామంతుడు అంబదేవుడు ఆమె స్త్రీ అని తెలిసే తిరగబడ్డాడు. దాపరికం కథ అల్లితే విధేయుల నిర్ణయానికి విలువ పోతుంది. ఆమె గెలుపు కూడా గుట్టు కాపాడుకున్న నేర్పుగా కుదించుకుపోతుంది. పదమూడో శతాబ్దపు తెలుగునేల స్త్రీ పాలనను కళ్లెదుట చూసి ఒప్పుకుందన్న సత్యం మన పిల్లలకు దక్కకుండా పోతుంది.

అందుకే ప్రస్తుతం కాకతీయ స్త్రీల శాసనాలను ఒకచోట చేర్చి వ్యాఖ్యానంతో పుస్తకంగా కూరుస్తున్నాను. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుడి సోదరి మైలమది. కుందవరం శాసనం ఆమె చెల్లెలు కుందమది. యనమదల శాసనం రుద్రమ సోదరి గణపాంబది. భర్త పోయాక ధరణికోట సీమను ఏలింది ఈ గణపాంబే. చెరువులు తవ్వించి, గుళ్లు కట్టించి, సీమను ఏలి, తమ పేర్లు రాళ్లపై చెక్కించిన స్త్రీల వంశపు ఆడపడుచు రుద్రమ. వారి నడుమ నిలిపి చూస్తే ఆమె వింతగా కనబడదు. దాచవలసిన అవసరమూ కనబడదు.

ఇక్కడి అద్దె గదుల్లో చరిత్ర ఆప్షనల్ చదువుతున్న తెలుగు విద్యార్థులను ఈ పనికి పిలుస్తున్నాను. శాసన సంపుటాలు తీయండి, పాఠాలు సరిచూడండి, నా వ్యాఖ్యానంలో ఆధారం లేనిచోట నిలదీయండి. రుద్రమపై మళ్లీ సినిమా తీసేవారు మల్కాపురం రాతితో కథ మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టకపోతే అడిగే తరం ఈ గదుల్లోంచే రావాలి.