గారడీవాడు, మంత్రగాడు



డోలు వాయించి జనమును పోగుచేసి విద్య చూపు గారడీవానిని మీరందఱును చూచియే యుందురు. విశాఖపట్టణపు బజారులలోను, సింహాచలము వంటి క్షేత్రముల తిరునాళ్లలోను వాని చుట్టు పిల్లలును పెద్దలును మూగుట మనకు క్రొత్త గాదు. వాడు ఖాళీ చేతినుండి రూపాయి తీయును. బాలుని బుట్టలో కూర్చుండబెట్టి, ఆ బుట్టను కత్తితో పొడుచును. పిదప బాలుడు నవ్వుచు లేచి వచ్చును. తుదకు గిన్నె చాచి, “కోటి విద్యలు కూటికొఱకే బాబూ” యని తన నోటనే చెప్పుకొనును. ఆ యొక్క మాటవలననే వాడు మంత్రగానికంటె వేఱగుచున్నాడు. ఈ భేదమును మీకు విన్నవించుటకే నేటి ప్రసంగము.

మన పూర్వులకు ఇంద్రజాలము తెలియనిది గాదు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున మాయావిని దృష్టాంతముగా చూపినారు. కత్తియు డాలును ధరించి త్రాడు పట్టుకొని ఆకాశమున కెగబ్రాకు పురుషుడు చూపరులకు కనబడును. నిజమగు మాయావి మాత్రము నేలమీదనే నిలిచియుండును. వేదాంతార్థ మటుండనిండు. చూడవలసిన చోటును విడిచి, వాడు చూపిన చోటనే మనము చూతుమను లౌకికసత్యము కూడ నిందు గలదు. పదునైదవ శతాబ్దివాడగు కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో నిట్టి కథయే చెప్పెను. ఒకడు తన భార్యను రాజునకు అప్పగించి, దేవతల పక్షమున యుద్ధము చేసెదనని ఆకాశమున కేగెను. కొంతసేపటికి వాని యవయవములు తెగి నేల పడెను. ఆ యిల్లాలు చితి నెక్కెను. అంతలో వాడు చెక్కుచెదరక వచ్చి, నా భార్య యేది యని రాజు నడిగెను! రాజు నివ్వెఱపడెను. అదియంతయు ఇంద్రజాలమని తెలిసిన పిమ్మట కోపింపక బహుమానమిచ్చి పంపెను. ఆ రాజు చేసిన మర్యాద మెచ్చదగినది. విప్రుల యెదుట ఇట్టి విద్య చూపి జీవించు విప్రవినోదులు మన తెలుగునాట నుండిరి. విజయనగరకాలపు శాసనములలో వారి పేరు గలదు.

ఈ విద్య సముద్రము కూడ దాటినది. రామస్వామి యను మన దేశీయుడు, ఆంగ్లేయుల నోట రామోసామీ యై, లండనులో బంతులాడించియు కత్తి మ్రింగియు గొప్ప పేరు గడించి, 1850లో అక్కడనే బీదతనమున మరణించెను. 1956లో వంగదేశీయుడగు పి. సి. సర్కారు గారు లండను టెలివిజనులో ఒక యువతిని ఱంపముతో రెండుగా కోసినట్లు చూపగా, ఆమె లేచుటకు ముందే కార్యక్రమము ముగిసెను. ఆమె నిజముగా మరణించెనని భయపడిన ప్రేక్షకులు టెలిఫోనులతో ఆ కార్యాలయమును ముంచివైచిరట! కనుక మోసపోవుట పల్లెవారి సొత్తు మాత్రమే యని యెవరును నవ్వనక్కఱలేదు.

గారడీవాని గుట్టు నేను విప్పను. అది వాని పొలము, వాని పంట. మంత్రగాని గుట్టు మాత్రము దాచవలసిన పనిలేదు. వాడును ఆ హస్తలాఘవమునే చూపును గాని, ఇది విద్య యని చెప్పడు. దైవశక్తి యనియో భూతమనియో చెప్పును. నిమ్మకాయ కోయగా నెత్తురు కారినదనును. కత్తికి ముందుగా మందారపూల రసమును దట్టముగా పూసి యారబెట్టినచో, నిమ్మపులుసు తగులగనే అది యెఱ్ఱబాఱును. పసుపునీటిలో సున్నపుతేట పోసి రక్తమనును. దానినే మన యాడవారు పారాణి యందురు. మంత్రము చదువగా కొబ్బరికాయ తనంత తానే మండెననును. నూతులలో వేయు ఊదారంగు పొటాసియం పెర్మాంగనేటు పొడిని పీచులో దాచి, దానిపై గ్లిసరిను చుక్కలు పడునట్లు చేసిన కొంతసేపటికి మంట పుట్టును. ఆ కొంతసేపును గడపుటకే మంత్రపఠనము.

ఇంతవఱకు పోవునది డబ్బు మాత్రమే. కాని నెత్తురు చూపిన పిమ్మట వాడు, నీకు చిల్లంగి పెట్టిన వారున్నారని చెప్పును. ఒకొకచో పేరు గూడ సూచించును. ఆ పేరు తఱచుగా ఏ దిక్కులేని వృద్ధురాలిదో, పొలముతగవు గల దాయాదిదో యగును. మన విశాఖ మన్యమునందును, చుట్టుపట్ల పల్లెలయందును చిల్లంగి యనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన వార్తలు మన కాలముననే వచ్చినవి. అక్కడ జ్వరము తెచ్చినది దోమ. ప్రాణము పోయినది పొరుగువానిది. మలేరియా యున్నదో లేదో ఒక్క రక్తపుబొట్టు పరీక్షించిన తెలియును. ఆ పరీక్ష చేయించుటకు ముందే రచ్చబండపై పంచాయతి కూర్చుండుచున్నది. అచ్చట పెద్దఱికము వహించువారు మీరే గనుక ఈ మాట మీతో చెప్పుచున్నాను.

1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదికవారు ఊరూర ఈ నిమ్మకాయను కోసి చూపుచున్నారు. 2025లో పరమపదించిన బి. వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలము చూపుచునే ఇందు మంత్రమేమియు లేదని చెప్పుచు వచ్చిరి. బడిపిల్లలకు నేనును ఒకటి రెండు నేర్పితిని. కత్తిని కడిగిన వెనుక నెత్తురు రాలేదని ఒక పిల్లవాడు ఫిర్యాదు చేసెను. వానికి పాఠము పూర్తిగా వచ్చినదని సంతోషించితిని.

కావున మీ యూరికి మంత్రగాడు వచ్చినయెడల వానితో వాదము పెట్టుకొనకుడు. నిమ్మకాయ మీ పెరటినుండియు, కత్తి మీ వంటింటినుండియు తెప్పించి, బాగుగా తోమించి వాని చేతికిండు. ఎవరి పేరైనను వాని నోట వచ్చినచో, ఆ రాత్రి ఆ యింటివారిని ఒంటరిగా విడువక, పోలీసువారికి కబురు పంపుడు. కోసిన నిమ్మకాయను పాఱవేయ నక్కఱలేదు, పానకమున పిండుకొనవచ్చును.