పటాన్‌చెరువు ప్రహరీయు, కోర్టు ఆజ్ఞయు



మన సూరారమునకు పడమటి దిక్కున, పటాన్‌చెరువు చెంత, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పైరులపై పరిశోధన సాగించుటకై 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థ పేరు విననివారు ఇచట నుండరు. కాని ఆ సంస్థ ప్రహరీ దాటి మన న్యాయస్థానముల ఆజ్ఞ ఎంతవరకు పోగలదను విచారము కొలదిమందికే కలిగియుండును. 1947 నాటి ఐక్యరాజ్యసమితి ప్రత్యేక హక్కుల, మినహాయింపుల చట్టమును భారతప్రభుత్వము ఒక నోటిఫికేషను ద్వారా ఆ సంస్థకును వర్తింపజేసినది.

ఆ చట్టము ప్రకారము సమితి ఉన్నతాధికారులలో కొందరికి రాయబారులతో సమానమైన రక్షణ ఉన్నను, తక్కిన ఉద్యోగులకు తమ అధికారవిధిలో పలికిన మాటలకు, చేసిన పనులకు మాత్రమే అది చెల్లును. స్వంత పనిమీద కారు నడుపుచు సుచిత్ర కూడలిలో నొకనిని గుద్దినవాడు సమితి కాగితము చూపి తప్పించుకొనజాలడు. మినహాయింపు న్యాయమునకు అడ్డువచ్చునపుడు, సమితి ప్రయోజనమునకు భంగము లేనిచో, దానిని వదలుకొనుట ప్రధాన కార్యదర్శికి హక్కే గాక విధి యని ఈ హక్కులపై 1946 నాటి సమితి ఒడంబడిక శాసించినది. అయితే తన ఉద్యోగిని విడుచుటో కాచుటో నిర్ణయించువాడు యజమానియే గావున, నాకు ఇందు కొంత శంక లేకపోలేదు.

ఒక ఉదాహరణము చూడుడు: మలేషియా న్యాయవాది పరమ్ కుమారస్వామి, సమితి ప్రత్యేక ప్రతినిధిగా నుండి, అచటి కోర్టుల తీరును గూర్చి ఒక పత్రికతో మాటలాడగా, కొన్ని కంపెనీలు ఆయనపై పరువునష్టపు దావాలు వేసినవి. 1999లో అంతర్జాతీయ న్యాయస్థానము ఆయనకు రక్షణ కలదని చెప్పుచునే, అధికారవిధిలో చేసిన అట్టి పనులవలన కలిగిన నష్టమునకు సమితి బాధ్యత వహింపవలసి రావచ్చుననియు, ఆ తగవు తీర్చుటకు దేశీయ కోర్టు గాక వేరొక మార్గ ముండవలెననియు నుడివినది. నా దృష్టిలో ఈ వేరొక మార్గమను మాటయే ప్రాణము.

మరి మన పటాన్‌చెరువు సంగతి? ఉద్యోగము పోయిన ఒక ఇక్రిశాట్ ఉద్యోగి వేసిన రిట్ వ్యవహారము సుప్రీంకోర్టు దాక పోయి, 2003లో తీర్పు వెలువడినది. ఆ సంస్థ మన ప్రభుత్వ ఆధీనమున లేదు గనుక రాజ్యాంగపు 12వ అధికరణము చెప్పు రాజ్యము కాదనియు, స్వచ్ఛందముగ చేపట్టిన పరిశోధన ప్రజావిధి కాదు గనుక 226వ అధికరణము క్రింద రిట్ చెల్లదనియు న్యాయమూర్తులు తేల్చిరి. తర్కము నిర్దుష్టమే. అయినను జీడిమెట్ల ఫ్యాక్టరీలో పని పోయినవాడు లేబరు కోర్టు మెట్లెక్కగలుగుచుండ, మినహాయింపు గల సంస్థలో పనిచేయు మన ఊరివాడు ఆ సంస్థ లోపలి అప్పీలునే నమ్ముకొనవలసి వచ్చుట నాకు మింగుడుపడదు. ఢిల్లీ ప్రభుత్వము ఇట్టి సంస్థలతో మినహాయింపుల ఒప్పందములపై ఇకమీద సంతకము చేయునపుడు, స్థానిక ఉద్యోగుల తగవులకు సంస్థతో సంబంధము లేని మధ్యవర్తి యుండవలెనని ఒక షరతు చేర్చినచో, పరిశోధనకు వచ్చు కీడేమియు నాకు కనబడదు.