మాట వంతు వదులుకోవద్దు

(బేగంబజార్‌లో జరిగిన మన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో చదువుల గురించి, ఉద్యోగాల గురించి, తండాల సమస్యల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి మాట గురించే మాట్లాడాలని మేము అనుకున్నాం. చెప్పాల్సింది మనసులో ఉన్నా, నోట్లో ఆగిపోతుందేమోనన్న భయంతో సభలో లేచి నిలబడని వాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

బేగంబజార్ మాట మీద నడిచే చోటు. నిజాం అలీ ఖాన్ భార్య హుమ్డా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలంలో ఈ బజారు వెలిసిందని చెబుతారు. స్టీలు సామాన్లు, డ్రైఫ్రూట్స్, మసాలాలు, కిరాణా, ఏది అమ్మాలన్నా ధర చెప్పాలి, బేరమాడాలి, ఫోన్‌లో ఆర్డరు తీసుకోవాలి. మన పిల్లలు ఇక్కడ పనికి వస్తే ఇంట్లో గోర్‌బోలి, గిరాకీతో తెలుగు, సేఠ్‌తో హిందీ. అలాంటి చోట నత్తి ఉన్నవాడి రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

మా బృందంలో ఒక తమ్ముడున్నాడు. స్టీలు దుకాణంలో పని. ధర అడిగితే కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించేవాడు. అందరూ హుషారైన కుర్రాడు అనుకున్నారు. అసలు సంగతి, ‘బారా సౌ’ అనే మాట దగ్గర అతని పెదవులు మూసుకుపోయేవి. పనిలో చేరిన రోజు పేరు అడిగితే సొంత పేరు నోటికి రాక, సులువుగా వచ్చిన ఇంకో పేరు చెప్పాడు. రెండేళ్లు ఆ పేరుతోనే పిలిపించుకున్నాడు. ఫోన్ మోగితే మూటలు సర్దే పని చూసుకునేవాడు. నత్తి కంటే దాన్ని దాచడమే అతనికి పెద్ద చాకిరీ అయింది.

నత్తి అంటే ఏమిటి? చెప్పాల్సిన మాట తెలుసు, నోరు కదలదు. కొందరికి మొదటి అక్షరం మళ్లీ మళ్లీ వస్తుంది. కొందరికి సాగుతుంది. కొందరికి గొంతు బిగుసుకుని శబ్దమే రాదు. ఎక్కువగా రెండేళ్లకు, ఐదేళ్లకు మధ్య మొదలవుతుంది. వందమంది పిల్లల్లో సుమారు ఐదుగురికి వస్తుంది, చాలామందికి తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో వందకు ఒకరికి నిలిచిపోతుంది. మాటను నడిపించే మెదడు పనితీరులోని తేడా, వంశం, ఈ రెండిటికీ ఇందులో పాత్ర ఉంది. భయం, తొందర దాన్ని పెంచుతాయి.

మన ఇళ్లలో దీని గురించి ఎన్నో మాటలు. నాలుక మందం అంటారు, వస నాకించమంటారు, నోట్లో గులకరాళ్లు పెట్టుకోమంటారు. ఒకటి గమనించండి. మాటలో తడబడే పిల్లే తీజ్ పాటలు గుంపుతో కలిసి పాడేటప్పుడు ఎక్కడా ఆగదు. నాలుకలోనే లోపం ఉంటే పాటలోనూ ఆగాలి కదా! ఇంకొందరు ‘ఇంట్లో గోర్‌బోలి మానేయండి, పిల్లాడు తికమకపడుతున్నాడు’ అంటారు. రెండు మూడు భాషలు మాట్లాడటం వల్ల నత్తి రాదు. దాని కోసం యాడి భాషను వదులుకోవాల్సిన పని లేదు.

మరి స్పీచ్ థెరపిస్టు ఏం చేస్తారు? మా తమ్ముడితో వెళ్లి మేము చూసిందే చెబుతాం. మందు రాయలేదు, ఇంజక్షన్ లేదు. ముందు మాట్లాడించారు, చదివించారు. ఏ అక్షరాల దగ్గర, ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగుతున్నాడో రాసుకున్నారు. ఆగినప్పుడు కళ్లు మూస్తున్నాడా, పిడికిలి బిగిస్తున్నాడా అని చూశారు. ఏయే చోట్ల మాట్లాడకుండా తప్పించుకుంటున్నాడో అడిగారు.

తర్వాత నేర్పారు. ఊపిరి మెల్లగా వదులుతూ మాట మొదలుపెట్టడం. ప, బ, మ దగ్గర పెదవులను గట్టిగా నొక్కకుండా తేలిగ్గా తాకించడం. వాక్యాన్ని చిన్న ముక్కలు చేసి మధ్యలో ఆగడం. మాట ఇరుక్కుంటే బలంతో తోయకుండా, ఆగి, మళ్లీ నెమ్మదిగా అనడం. కావాలనే కొంచెం తడబడి మాట్లాడమని కూడా చెప్పారు, భయం పోవడానికి. మొదట గదిలో, ఆ తర్వాత ఇంట్లో, ఫోన్‌లో, చివరికి బజార్లో కొత్త మనిషితో. మెట్టు మెట్టుగా, నెలల తరబడి, రోజూ కాసేపు సాధన.

ఇప్పుడతను ఫోన్ ఎత్తుతాడు. ‘నాకు నత్తి ఉంది, కాస్త ఆగండి’ అని ముందే చెబుతాడు. ‘బారా సౌ’ దగ్గర ఇంకా కొన్నిసార్లు ఆగుతాడు. ఆగినా పూర్తి చేస్తాడు. దుకాణంలో ఇప్పుడు అతని అసలు పేరే నడుస్తోంది.

పూర్తిగా పోయిందా అని అడుగుతారు. కొందరికి చాలా తగ్గుతుంది, కొందరికి కొంత మిగులుతుంది. 1957లో కేరళ తొలి ముఖ్యమంత్రి అయిన ఈఎంఎస్ నంబూద్రిపాద్‌కు జీవితాంతం నత్తి ఉంది. ఆ నత్తితోనే ప్రసంగాలు చేశారు, శాసనసభను నడిపించారు. బ్రిటన్ రాజు ఆరో జార్జి 1926లో లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా శిక్షకుడి దగ్గరికి వెళ్లాడు. పదమూడేళ్ల తర్వాత, 1939 సెప్టెంబర్ 3న యుద్ధం వచ్చిందని రేడియోలో చెప్పేటప్పుడు కూడా లోగ్ పక్కనే నిలబడ్డాడు. రాజుకే అంత సాధన పట్టింది. వారంలో మాయం చేస్తామనే ప్రకటనలు నమ్మి డబ్బులు పోగొట్టుకోకండి.

ఎక్కడికి వెళ్లాలి? బేగంబజార్‌కు దగ్గర్లోనే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, ముందు అక్కడ అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మాట, వినికిడి సమస్యల కోసమే పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. తండాల్లో ఉన్నవాళ్లు జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ గురించి అడగండి, పిల్లల కోసం పెట్టిన కేంద్రం అది. ప్రైవేటుగా వెళ్తే థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని తప్పకుండా చూడండి. పిల్లలకు నత్తి ఆరు నెలలు దాటినా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా, మాట్లాడటానికి పిల్లలు అవస్థ పడుతున్నా ఆలస్యం చేయొద్దు.

ఇక మిగతా మనందరి పని. ఎదుటివాడు ఆగితే అతని వాక్యం మనం పూర్తి చేయొద్దు. ‘నిదానంగా చెప్పు, ఊపిరి తీసుకో’ అని సలహా ఇవ్వొద్దు. ముఖం వైపు మామూలుగా చూస్తూ వినండి. ‘నత్తోడు’ అని పిలిచే అలవాటు తండాలోనూ, హాస్టల్‌లోనూ, దుకాణంలోనూ ఇవాళ్టితో మానేద్దాం. అక్టోబర్ 22 ప్రపంచమంతటా నత్తిపై అవగాహన దినం. ఆ రోజు మన హాస్టళ్లలో ఒక గంట కూర్చుని దీని గురించి మాట్లాడుకుందాం.

నత్తి ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. ఇంటర్వ్యూలో, తరగతిలో, బేరంలో మీ వంతు వచ్చినప్పుడు దాన్ని పక్కవాడికి ఇచ్చేయకండి. మీకు ఎంతసేపు కావాలో అంతసేపు తీసుకోండి. మేము వింటాం.

జై సేవాలాల్.