డబ్బా మాట, నాలుక మాట

సాయంకాలము బడి నుండి వచ్చిన పిల్లవానిచేత ఒక కప్పు పాలు త్రాగించుట ఎంత ప్రయాసో తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లని పాలను చూచి మొగము త్రిప్పుకొనే బాలుడే, ఆ పాలు కోకో రంగుతో వచ్చినప్పుడు గటగట త్రాగి, కప్పు అడుగున మిగిలిన మడ్డిని కూడ వేలితో తీసి నాకుతాడు. ఈ సంగతి మనకంటె ముందుగా వర్తకులకు తెలిసినది. అంగడిలో ఒక గోడ నిండ డబ్బాలు నిలిపినారు. కందిపప్పు ధర కిలోకు పది రూపాయలు పెరిగితే నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడే మనము, అంతకు ఎన్నో రెట్లు ఖరీదయిన ఈ పొడిని మాత్రము డబ్బా మీది బొమ్మను చూచి కొంటున్నాము. లేదా పక్కింటివారు ఏది కొన్నారో అదే కొంటున్నాము. ఏ డబ్బాలో ఏమున్నది, ఆ రుచి దేని వలన కలుగుతున్నది అనే విషయము ఇంటిలోనే తేల్చుకొనవచ్చును. దానికి కావలసినవి నాలుగు కప్పులు, ఒక చిన్న కాటా, కొంచెము ఓపిక.

మొదట ఈ పొడుల కులగోత్రాలు తెలుసుకొనవలెను. కోకో గింజలో సుమారు సగము కొవ్వే. 1828లో ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని వాన్ హౌటెన్ కుటుంబము వారు ఆ కొవ్వును యంత్రముతో పిండివేసే పద్ధతికి హక్కు పొందినారు. కొవ్వు చాల వరకు పోగా మిగిలిన చెక్కను పొడి చేస్తే వచ్చేదే మనము ఎరిగిన కోకో పొడి. ఆ పొడిని క్షారముతో శుద్ధి చేయడము కూడ వారే ప్రచారములోనికి తెచ్చినారు. క్షారము తగిలిన కోకో రంగు ముదురుతుంది, పులుపు తగ్గుతుంది, పాలలో సులభముగా కలుస్తుంది. కావున కప్పులోని పాలు నల్లగా ఉన్నవంటే చాకొలెట్ ఎక్కువ పడినదని అర్థము కాదు. క్షారము వలన వచ్చిన నలుపు కావచ్చును. కన్ను మోసపోయే మొదటి చోటు ఇదే.

ఈ కోకో పొడికి చక్కెర, సువాసన ద్రవ్యము, చిటికెడు ఉప్పు చేర్చితే డ్రింకింగ్ చాకొలెట్ అవుతుంది. మూడవ జాతి మాల్టు పొడులు. మన ఇండ్లలో రాగులను నానవేసి, మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి పిండి చేసుకొంటాము కదా! అదే పని బార్లీ గింజలతో చేసి, పాలపొడి, చక్కెర చేర్చి, పైన కొంత కోకో వేస్తే చాకొలెట్ మాల్టు. హోర్లిక్ సోదరులు అమెరికాలో మాల్టు పాలపొడికి హక్కు పొందినది 1883లో. ఆ పేరు గల పొడిని తయారుచేసే కర్మాగారము మన ధవళేశ్వరములో కూడ వెలసినది. కోకో గింజకు కూడ ఇప్పుడు మనము పరాయివారము కాము. గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో, పామాయిల్ తోటలలో అంతరపంటగా కోకో పండుతున్నది. దేశములో కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానము. కాయను పగులగొట్టి, తెల్లని గుజ్జుతో ఉన్న గింజలను అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టుతారు. ఆ పులియబెట్టుట సరిగా జరుగకపోతే, తరువాత ఎంత వేయించినా చాకొలెట్ వాసన రాదు. ఏలూరు ప్రాంతపు రైతు చేతిలో ఉన్న ఆ వారము రోజుల పనితనము డబ్బా మీద ఎక్కడా అచ్చుపడదు.

అచ్చుపడేది మరొకటి ఉన్నది. డబ్బా వెనుక, చీమతలకాయలంత అక్షరాలలో, పదార్థాల పట్టిక. ఏ పదార్థము బరువులో ఎక్కువో అది ముందు వ్రాయవలెనని నిబంధన. డ్రింకింగ్ చాకొలెట్ డబ్బాను త్రిప్పి చూడండి. తరచు మొదటి మాట చక్కెర. కోకో దాని తరువాతనే వస్తుంది. ఐరోపా సమాజము 2000 సంవత్సరములో చేసిన నిబంధన ప్రకారము డ్రింకింగ్ చాకొలెట్ అని పిలువబడే పొడిలో కోకో పొడి కనీసము నూటికి 25 పాళ్లు ఉంటే చాలును. తక్కిన 75 పాళ్లలో అధిక భాగము ఏమిటో ఊహించుట కష్టము కాదు. నూరు గ్రాములకు 70 గ్రాములు, అంతకు మించి కూడ చక్కెర గల పొడులు ఉన్నవి.

ఇక్కడ కొంచెము లెక్క వేయక తప్పదు. నూటికి 70 పాళ్లు చక్కెర గల పొడిని కప్పుకు 20 గ్రాములు వేస్తే పాలలో పడే చక్కెర 14 గ్రాములు. టీ చెంచా చక్కెర సుమారు 4 గ్రాములనుకొంటే మూడున్నర చెంచాలు. మన ఇండ్లలో కాఫీకి అలవాటుపడిన చేయి అంతటితో ఊరుకోదు. పైన మరి రెండు చెంచాలు వేస్తుంది. మొత్తము 22 గ్రాములు. రోజుకు 2000 కాలరీల ఆహారము తినే పెద్దవారు సైతము ఇటువంటి చక్కెరను 50 గ్రాములకు లోపుగా ఉంచుకొనవలెనని, 25 గ్రాములకు లోపుగా ఉంచుకొంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. ఎనిమిదేండ్ల బిడ్డ, పాలు త్రాగుతున్నాడు కదా అని మనము సంతోషిస్తుండగా, ఒక్క కప్పుతో ఎంత దూరము పోయినాడో చూడండి.

ఇటువంటి పొడులను చాల కాలము ఆరోగ్య పానీయాలని పిలుచుకొన్నాము. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టములో ఆ మాటకు నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఆన్‌లైన్ వర్తక సంస్థలు ఈ పానీయాలను ఆ శీర్షిక క్రింద చూపరాదని సూచించినది. శీర్షిక మారినది గాని, డబ్బాలోని పొడి మారలేదు.

ఇప్పుడు రుచి చూచే పద్ధతి. మేము మా ఇంట ఒక ఆదివారము నాడు నాలుగు పొడులు తీసుకొన్నాము. ఖరీదయిన డ్రింకింగ్ చాకొలెట్ ఒకటి, చవుక రకము ఒకటి, చాకొలెట్ మాల్టు ఒకటి, నాలుగవది వట్టి కోకో పొడికి ఇంటి చక్కెర చేర్చినది. వాటి పేర్లు ఇక్కడ చెప్పబోము. చెబితే మా నాలుక తీర్పును మీరు నమ్మి, మీ నాలుకకు పని పెట్టరు. పాలన్నీ ఒకే గిన్నెలో కాచినాము. గేదె పాలలో వెన్న ఎక్కువ గనుక చేదును మరుగుపరచుతుంది. ఒక కప్పుకు గేదె పాలు, మరొక కప్పుకు ఆవు పాలు పోస్తే పోలిక చెడిపోతుంది. పొడిని చెంచాతో కొలువరాదు, తూచవలెను. వట్టి కోకో దూదివలె తేలిక, పలుకులుగా ఉండే మాల్టు బరువు. చెంచాలు సమానమైనా గ్రాములు సమానము కావు. రంగు కనబడకుండ అన్నిటినీ స్టీలు గ్లాసులలోనే పోసి, అడుగున అంకెలు అంటించినాము. అంకె అంటించినవారు వంటింటిలోనే ఉండిపోయినారు. అందించినవారికి ఏది ఏమిటో తెలియదు. అందించేవారి మొగము చూచి ఫలితము పసిగట్టడములో మన పిల్లలు దిట్టలు గనుక ఈ జాగ్రత్త అవసరమయినది. మధ్యమధ్య మంచినీళ్లు, నాలుగు మరమరాలు. ఆవకాయ అన్నము తిన్న గంటలోపల ఈ పరీక్షకు కూర్చొనరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత తతంగము ఎందుకని నవ్వేవారికి ఒక కథ చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండులోని రొథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో, 1920 దశకపు తొలి సంవత్సరాలలో, మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలు, కప్పులో ముందు పాలు పోసినారా తేనీరు పోసినారా అనేది రుచిని బట్టి చెప్పగలనన్నారు. అక్కడ ఉన్న గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ నవ్వి ఊరుకోలేదు. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రీతివి, నాలుగు మరొక రీతివి, వరుస తెలియకుండ కలిపి ఇవ్వవలెనన్నాడు. కేవలము ఊహతో అన్నీ సరిగా ఏర్చగల అవకాశము 70లో ఒకటి మాత్రమే. 1935లో ఆయన ప్రయోగ నిర్మాణముపై వ్రాసిన గ్రంథములో ఈ తేనీటి పరీక్షకే ఒక అధ్యాయము ఇచ్చినాడు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేటు పొందినది ఈ ఫిషర్ శిష్యరికములోనే. కప్పులతో పరీక్ష పెట్టడము పిల్లల ఆట కాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

మా ఇంటి ఫలితాలకు వస్తే, తొలి విడతలో డబ్బాల మీద వ్రాసినట్లే కలిపినాము. పదేండ్ల అమ్మాయి క్షణములో ఖరీదయిన డ్రింకింగ్ చాకొలెట్‌ను ఏరి, రెండవ గుటక వేసినది. కాఫీ తప్ప మరొకటి ముట్టని బాబాయిగారు మాల్టును మెచ్చినారు. బిస్కత్తు వాసన వస్తున్నదన్నారు. అమ్మమ్మగారు వట్టి కోకో గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇది వేయించిన చింతపిక్కల వాసన వస్తున్నది నాయనా, దీనినెందుకు పాలలో పోసినారు?" అన్నారు. కాని రెండవ గుటక తరువాత ఆ గ్లాసును ఆవిడ క్రింద పెట్టలేదు.

రెండవ విడతలో అన్ని గ్లాసులలో చక్కెరను 14 గ్రాములకు సమానము చేసినాము. డబ్బా మీది పట్టికలో నూరు గ్రాములకు చక్కెర ఎంతో వ్రాసి ఉంటుంది గనుక, ఏ గ్లాసులో ఎంత తక్కువో లెక్కకట్టి కలపవచ్చును. ఇక్కడే అసలు సంగతి బయటపడినది. అమ్మాయికి ఇష్టమైన గ్లాసు మారిపోయినది. ఈసారి ఆమె మెచ్చినది 5 గ్రాముల వట్టి కోకో వేసిన గ్లాసును! మొదటిసారి ఆమె ఏరినది చాకొలెట్‌ను కాదు, తీపిని. నూటికి 25 పాళ్లు కోకో గల డబ్బా పొడి 20 గ్రాములలో ఉండే కోకో కూడ ఆ 5 గ్రాములే. అంటే ఇంటి కోకో, ఇంటి చక్కెర కలిపినది ఆ డబ్బాకు తోబుట్టువు. తేడా ఏమిటంటే, ఇంట కలిపిన దానిలో చక్కెర ఎంత వేయవలెనో చెప్పే అధికారము మనది.

మూడవ విడతలో ఖరీదయినదానిని, చవుకదానిని మాత్రమే ఉంచినాము. ఒక్కొక్కరికి మూడేసి గ్లాసులు. రెండింట ఒకే పొడి, ఒకదానిలో వేరు పొడి. వేరయినది ఏదో చెప్పవలెను. కూర్చొన్న అయిదుగురిలో ఇద్దరు సరిగా చెప్పినారు. కన్ను మూసుకొని ఏదో ఒక గ్లాసును చూపినా ముగ్గురిలో ఒకరికి కుదరవలసినదే గదా! కావున ఆ ఇద్దరి విజయానికి మేము పెద్దగా చప్పట్లు కొట్టలేదు. ఖరీదయిన డబ్బా ఆ నెల మళ్లీ కొనలేదు.

రుచి చూచేటప్పుడు దేనిని వెదకవలెనంటే, తీపిని తప్ప తక్కినవాటిని. ఈ విషయములో తెలుగువారికి ఒక సౌకర్యము ఉన్నది. వగరు అనే మాట మనకు పుట్టుకతోనే వచ్చినది. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు నాలుకను పట్టి బిగించే గుణమది. కోకోలో అది చేదుతో పాటు వస్తుంది. పాలలోని మాంసకృత్తులు ఆ వగరును కొంత పట్టుకొంటవి గనుకనే పాలలో కోకో మెత్తగా, నీళ్లలో గరుకుగా తోచుతుంది. గుటక మ్రింగిన తరువాత కొంతసేపు ఆగండి. తీపి త్వరగా జారిపోతుంది, కోకో వాసన ముక్కు వెనుక నిలుస్తుంది. ఏమీ నిలువకపోతే ఆ గ్లాసులో కోకో పేరుకు మాత్రమే ఉన్నదన్నమాట. పొగలు గక్కే వేడిలో రుచి తెలియదు. వేలు ఓర్చుకొనేంత చల్లారనీయవలెను.

కలిపే పద్ధతి గూర్చి ఒక మాట. కోకో పాలలో కరగదు, తేలియాడుతుంది. వేడి పాలలో నేరుగా పోస్తే ఉండలు కడుతుంది. ముందు చక్కెరతో పొడిగానే కలిపి, రెండు చెంచాల గోరువెచ్చని పాలతో ముద్దగా నూరి, తరువాత తక్కిన పాలు పోసి, ఒక్క పొంగు రానిచ్చి కవ్వముతో చిలుకవలెను. మెక్సికో దేశపు ఆడవారు చాకొలెట్ చిలికే మొలినీయో అను కొయ్య సాధనము కూడ రెండు అరచేతుల నడుమ త్రిప్పేదే. మన కవ్వానికి దూరపు చుట్టము. చక్కెరకు బదులు బెల్లము వేయదలచినవారు పాలు దింపి, కొంత చల్లారిన తరువాతనే వేయవలెను. పొంగే పాలలో బెల్లము వేస్తే విరిగిపోయే ప్రమాదము ఉన్నది.

చక్కెర ఒక్కసారి తగ్గిస్తే పిల్లలు ఒప్పుకోరు. మా ఇంట 14 గ్రాముల నుండి వారమునకు ఒక్కొక్క గ్రాము తగ్గించుతూ వచ్చినాము, ఎవరికీ చెప్పకుండ. ఎనిమిది వరకు అమ్మాయి ఏమీ అనలేదు. ఏడు వేసిన నాడు గ్లాసు క్రింద పెట్టి, "ఈ పూట చక్కెర మరచినారా?" అని అడిగినది. ప్రస్తుతము ఎనిమిది దగ్గర సంధి కుదిరి ఉన్నది.