ఊరు ఏ దిక్కుకు పెరగాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1987 బ్యాచ్. సివిల్ ఇంజినీరుగా ముప్పై ఏళ్లు దాటింది. ‘మన ప్రాంత అభివృద్ధి’ గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. రోడ్లు, వంతెనలు, లేఅవుట్ల లెక్కలు చెప్పి దిగిపోవచ్చు. కానీ మన సార్ల ముందు నిలబడి సగం లెక్క చెబితే మార్కులు పడవని నాకు తెలుసు. అందుకే నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను.

ముందు 1986 సంగతి. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనూళ్లో చిన్న పిల్లలకు కూడా ఎక్కాల్లాగా వచ్చు. ఆ ఏడు మూడో హెచ్చరిక మీద ఇంకో ఇరవై రెండున్నర అడుగుల నీళ్లు. అప్పుడు నేను పదో తరగతి. వరద తీశాక బడి తెరిస్తే వరండా గోడ మీద బురద గీత ఒకటి మిగిలింది. మేమంతా చీపుర్లు పట్టుకుని కడగబోతే లెక్కల సారు ఆపారు.

“ఆ గీత చెరపకండ్రా. దాన్ని మించిన లెక్కల పుస్తకం మీకు దొరకదు” అన్నారు.

మేస్త్రీలు వాడే నీళ్ల పైపు ఒకటి తెప్పించి, ఒక కొస గీత దగ్గర, ఇంకో కొస గేటు దగ్గర పట్టించారు. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలిచాయి. గేటు స్తంభం మీద సుద్దముక్కతో గీత గీశారు. “ఇట్లాగే మీ ఇంటిదాకా పొండి. మీ గుమ్మం దగ్గర ఈ గీత ఎంత ఎత్తున వస్తుందో రేపు చెప్పండి” అన్నారు. మా గుమ్మం మీద అది నా తలకంటే పైకి వచ్చింది. నేను ఇంజినీరునైంది ఆ సాయంత్రమే. పట్టా తర్వాతెప్పుడో వచ్చింది.

ఇప్పుడు నా తప్పు.

2006లో ఖమ్మంలో ఒక ప్రైవేటు కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. ఊరు నాలుగు వైపులా పరుగెడుతున్న రోజులవి. 2012లో చుట్టుపక్కల పంచాయతీలను కలుపుకుని ఖమ్మం నగరపాలక సంస్థ అయింది గానీ, ప్లాట్ల రాళ్లు అంతకు ముందే పొలాల్లో మొలిచాయి. మున్నేరు అవతల ఒక లేఅవుట్ మా దగ్గరికి వచ్చింది. దాని మధ్యలోంచి ఒక నాలా పోతుంది. నా లెక్క ప్రకారం దానికి రెండు కన్నుల బాక్సు కల్వర్టు కావాలి, రెండు పక్కలా ఖాళీ జాగా వదలాలి. అంటే ఏడెనిమిది ప్లాట్లు పోతాయి. యజమాని నన్ను అక్కడికే తీసుకెళ్లాడు. “సారూ, మీరే చూడండి, ఇందులో చుక్క నీళ్లున్నాయా? రెండు తూము పైపులు వేస్తే చాలదా?” అన్నాడు. అది ఏప్రిల్ నెల. నాలాలో మేకలు పడుకుని ఉన్నాయి.

నేను సంతకం పెట్టాను. ఇంటి అద్దె, పిల్ల ఫీజు, ఉద్యోగం అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలానే ఉన్నాయి. అవన్నీ నిజమే. కానీ వాటిలో ఒక్కటీ నీళ్లకు అక్కర్లేదు.

ఎకరం పొలం మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది నాలుగు లక్షల లీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో కొంత భూమి తాగుతుంది, కొంత గట్ల మధ్య నిలుస్తుంది, మిగిలింది నిదానంగా నాలాలోకి దిగుతుంది. అదే ఎకరంలో సిమెంటు రోడ్లు, స్లాబులు వేశాక దాదాపు అంతా ఒక్కసారే కిందికి వస్తుంది. అంటే పొలం కాలనీ అయినప్పుడు నాలా వెడల్పు కావాలి. మనం దాన్ని ఇరుకు చేస్తున్నాం. ఊళ్లు పెరిగేచోటల్లా జరిగే తప్పు ఇదే. పేర్లే వేరు.

2024 సెప్టెంబరు 1న పైన మహబూబాబాద్ వైపు కురిసిన వానకు మున్నేరు 36 అడుగులు దాటింది. అంతకు ముందు ఏడాది జులైలోనే 30 దాటి భయపెట్టింది. బొక్కలగడ్డ, ప్రకాష్ నగర్, మోతీ నగర్, జలగం నగర్, పెద్దతండా మునిగాయి. నేను సంతకం పెట్టిన కాలనీ కూడా మునిగింది. అందులో మన బ్యాచ్ మిత్రుడి ఇల్లుంది. ఇప్పుడు ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నాడు. ఈ మాట చెప్పడానికి వాడి అనుమతి తీసుకున్నాను.

ఆ ప్లాటు కొనేటప్పుడు వాడు నన్ను అడగలేదు. “నీ సంతకం చూశాన్రా. ఇంక అడిగేదేముంది అనుకున్నా” అన్నాడు, బురద ఎత్తిపోయడానికి నేను వెళ్లినప్పుడు. సన్‌షేడ్ దాకా నీళ్లు. ఫ్రిజ్, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. మన పదో తరగతి గ్రూపు ఫొటో కూడా పోయింది.

ఇంజినీరుగా నిజం చెప్పాలి. అంత వరదలో నా కల్వర్టు ఎంత పెద్దదైనా ఆ ఇంటిని కాపాడేది కాదు. కానీ మున్నేరు ఒక్క రోజులో తీసింది. కాలనీలో నీళ్లు మాత్రం నాలుగు రోజులు నిలిచాయి, ఆ రెండు పైపులు చెత్తతో పూడుకుపోయి. వాడు ఒక్కటే అన్నాడు: “మొదటి రోజు మున్నేరుది. తర్వాతి మూడు రోజులు నీవి.” ఇంతకంటే సరైన విచారణ నివేదిక నేను చదవలేదు.

ఇది ఖమ్మం కథ ఒక్కటే కాదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచితే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి పైన రెండు జలాశయాలు కట్టాలని చెప్పారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అట్లా వచ్చాయి. 1996లో వాటి చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేస్తూ 111 జీవో ఇచ్చారు. ఆ తర్వాత నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి వైపు పల్లెలు కాలనీలయ్యాయి. అక్కడ నేను చాలా ఏళ్లు పని చేశాను. రోడ్డు వస్తే ఊరు వస్తుంది. ఊరికంటే ముందు చెరువు అలుగు ఎటు పోతుందో గీసి ఉంచిన చోట జనం బతికారు. గీయని చోట ప్రతి వానాకాలం పడవలు తిరిగాయి.

ఇక మనూరు. భద్రాచలం ఏ దిక్కుకు పెరగాలి? ఒక పక్క గోదావరి. 1986 తర్వాత కరకట్ట కట్టారు, మంచిదే. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. కానీ కరకట్టకు ఇంకో గుణముంది. నది ఎత్తుగా ఉన్నప్పుడు తూములు మూసేయాలి. లేకపోతే గోదావరే ఊళ్లోకి వస్తుంది. మూస్తే ఊళ్లో కురిసిన వానకు బయటికి దారి ఉండదు. మోటార్లు పెట్టి తోడాల్సిందే. అందుకే రామాలయం పరిసరాల్లో, కొత్తకాలనీలో కట్ట లోపలే నీళ్లు నిలుస్తాయి. లోపల ఒక్కో గుంట పూడ్చి ఇల్లు కట్టిన కొద్దీ ఇంకో మోటారు కావాలి.

మిగిలిన దిక్కుల్లో రాష్ట్రం సరిహద్దు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు భద్రాచలం మండలం కూడా వెళ్లింది, ఒక్క భద్రాచలం తప్ప. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల ఇప్పుడు అవతలి రాష్ట్రం. ఏ ఊరికైనా శివార్లుంటాయి. మన ఊరి శివార్లు పక్క రాష్ట్రంలో ఉన్నాయి. దుమ్ముగూడెం పోవాలంటే తెలంగాణ దాటి, ఆంధ్రాలోంచి పోయి, మళ్లీ తెలంగాణలో దిగాలి. రాముల వారి భూములు 800 ఎకరాలకు పైగా పురుషోత్తపట్నంలో ఉన్నాయి. చెత్త వేయడానికి ఊరికి జాగా లేక చాలా ఏళ్లుగా గోదావరి ఒడ్డే దిక్కయింది. పక్కకు చోటు లేక ఊరు పైకి పెరుగుతోంది. 2025 మార్చిలో కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి కూలీలు చనిపోవడం మనం చూశాం. 2011 లెక్కల్లోనే యాభై వేల జనమున్న ఊరిని మనం ఇంకా పంచాయతీ అనే పిలుస్తున్నాం.

దాని వెనక అడవి, ఏజెన్సీ, 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా “1/70 లేకపోతే మనూరు ఎంత పెరిగేదో” అని ఎవరో ఒకరు అంటారు. నేనూ అనేవాణ్ణి. మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే కోయ మిత్రుడు ఒకసారి అడిగాడు: “మీ ఊరు పెరిగితే మా ఊరు ఎటు పోవాలి?” వాళ్ల తాత అప్పు కింద రాసిచ్చిన ఎకరం మీద ఇవాళ మూడు దుకాణాలున్నాయి. గిరిజనేతరులు ఏజెన్సీలో భూమి కొనకూడదని చట్టం ఎందుకు చెప్పిందో వాడి ప్రశ్నలో ఉంది. తెల్లకాగితాల మీద కొని, తర్వాత రోడ్డు లేదు, మురుగుకాలువ లేదు అని ఏడవడం అభివృద్ధి కాదు. అడ్డొచ్చింది చట్టం కాదు, లెక్క లేకుండా పెరగడం.

ఏం చేద్దాం? నాకు తోచినవి మూడు.

ఒకటి, ఆ అయిదు ఊళ్లు ఎటుండాలో ప్రభుత్వాలు తేల్చాలి. తేలేదాకా చెత్త, మురుగునీరు, అంబులెన్సు దారి ఆగవు కదా. ఈ మూడు విషయాల మీద అటు ఎటపాక, ఇటు భద్రాచలం అధికారులు కలిసి కూర్చోవాలని మన సంఘం తరఫున రెండు వైపులా అర్జీ ఇద్దాం. మన పూర్వ విద్యార్థులు రెండు రాష్ట్రాల ఆఫీసుల్లోనూ ఉన్నారు.

రెండు, ఎవరైనా ప్లాటు కొనే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పడిన వాన ఎటు పోతుంది? ఆ దారి పాత గ్రామ పటంలో ఎంత వెడల్పు, ఇప్పుడెంత? పోయినసారి వరద ఇక్కడ ఎంత ఎత్తుకు వచ్చింది? ఈ భూమి అమ్మే హక్కు వీళ్లకుందా? చివరికి సంతకం ఎవరిదని చూసి ఊరుకోకండి, నాదైనా సరే.

మూడు, మన బ్యాచ్‌లలో సివిల్ చదివిన వాళ్లం పదిమందికి పైగా ఉన్నాం. నెలకో ఆదివారం వీధివీధికీ లెవెల్ తీసి, 1986 గీత, 2022 గీత కరెంటు స్తంభాల మీద రంగుతో వేద్దాం. ఖర్చు రంగు డబ్బాలదే. ఆ గీత కళ్ల ముందుంటే గుంటలో పునాది వేసేవాడు ఒక్క నిమిషం ఆగుతాడు.

ఆ ఖమ్మం కాలనీ నాలా మీద బాక్సు కల్వర్టుకు కొత్తగా డిజైను చేసి కాలనీ సంఘానికి ఇచ్చాను. ఫీజు తీసుకోలేదు. తీసుకునే ముఖం లేదు. దాన్ని కట్టించేదాకా తిరిగే బాధ్యత కూడా నాదే.

నిన్న సాయంత్రం వచ్చి మన వరండా గోడ చూశాను. పాత గీత ఎన్నో సున్నాల కింద పోయింది. కానీ గేటు స్తంభం మీద సారు తర్వాత ఉలితో కొట్టించిన గాటు ఇంకా ఉంది. ప్రధానోపాధ్యాయుల వారిని అడిగితే, మళ్లీ గీయడానికి ఒప్పుకున్నారు. మా లెక్కల సారుకు ఇప్పుడు ఎనభై దాటాయి, ఇదిగో ముందు వరుసలోనే ఉన్నారు. భోజనాలయ్యాక అందరూ వరండా దగ్గరికి రండి. నీళ్ల పైపు తెచ్చాను. ఒక కొస సారు పట్టుకుంటానన్నారు. రెండో కొస మా మూడో వరుస మిత్రుడు పట్టుకుంటాడు. గీత నేను గీస్తాను, సారు చూసి సరే అన్నాకే.